హెక్యుబా తల్లి పేరేంటి? ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడిన మాటలు

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినబడుతోందా? ఫ్యాన్ కొంచెం తగ్గిస్తారా బాబూ, మైక్‌లో గాలి కొడుతోంది. ఆఁ, ఇప్పుడు బావుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను, నేను గ్రీకు ప్రొఫెసర్ని కాదు, జీవితమంతా లెడ్జర్లు రాసి రిటైరైన మనిషిని, కాకపోతే వంశవృక్షాలు గీయడం అనే పిచ్చి ఒకటుంది, మొదట మా ఇంటిది గీశాను, తర్వాత అత్తగారింటిది, ఆ తర్వాత గీయడానికి చుట్టాలు అయిపోయి గ్రీకు కథల్లోని ట్రాయ్ రాజవంశం మీద పడ్డాను (నవ్వులు). ట్రాయ్‌లో కూడా పెద్దపెద్ద వాళ్ల జోలికి పోను, అకిలీస్ గురించి చెప్పడానికి బోలెడు మంది ఉన్నారు. ఇవాళ మనం ఒకావిడ గురించి మాట్లాడుకుందాం, ఆవిడ పేరేంటో నాకు తెలీదు, మీకూ తెలీదు, అసలు గొడవంతా అదే.

హెక్యుబా అంటే ట్రాయ్ రాజు ప్రయామ్ పెద్ద రాణి, ట్రాయ్ వీరుడు హెక్టర్ తల్లి. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ఇలియడ్, దాని చివర్లో ప్రయామ్ వెళ్లి శత్రువైన గ్రీకు వీరుడు అకిలీస్ కాళ్లు పట్టుకున్నప్పుడు నాకు యాభై మంది కొడుకులు, అందులో 19 మంది ఒకే తల్లి కడుపున పుట్టారు అంటాడు, ఆ ఒకే తల్లి ఈవిడేనని అందరూ అనుకుంటారు. మరి ఈవిడ తల్లి ఎవరు?

ఈ ప్రశ్న నాది కాదండీ. రోమ్‌లో టైబీరియస్ అని ఒక చక్రవర్తి ఉండేవాడు, క్రీ.శ. 14 నుంచి 37 దాకా ఏలాడు, ఆయనకి పురాణాల పిచ్చి ఎంతంటే పండితుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని క్విజ్ పెట్టేవాడు, ఆ క్విజ్‌లో మూడు ప్రశ్నలు స్యుటోనియస్ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. హెక్యుబా తల్లి ఎవరు? అకిలీస్ ఆడపిల్ల వేషంలో అమ్మాయిల మధ్య దాక్కున్నప్పుడు అతని పేరేంటి? పాటతో నావికుల్ని మాయ చేసే సైరెన్లు ఏం పాట పాడేవాళ్లు? మూడూ మనిషిని ఏడిపించే ప్రశ్నలే. ఆ రాసినాయన ఇది చాదస్తం, నవ్వులాట అన్నట్టే రాశాడు. నాకు మాత్రం మొదటి ప్రశ్న నవ్వులాట అనిపించలేదు, ఎందుకో చెప్తాను.

హోమర్ దగ్గర మొదలెడదాం, ఉన్నవాటిలో పాత సాక్ష్యం ఆయనే కదా. ఇలియడ్ పదహారో పుస్తకంలో, గ్రీకుల వైపు వీరుడు పాట్రోక్లస్ విజృంభించి వస్తుంటే హెక్టర్ గేటు దగ్గర రథం ఆపి వెనక్కి పోదామా ముందుకి పోదామా అని ఊగిసలాడుతుంటాడు, అప్పుడు అపోలో దేవుడు ఒక మనిషి వేషం వేసుకుని వచ్చి పక్కన నిలబడి తిడతాడు. ఎవరి వేషం? ఆసియస్ అని, హెక్టర్‌కి మేనమామ, హెక్యుబాకి తోడబుట్టినవాడు, డిమాస్ కొడుకు, ట్రాయ్‌కి తూర్పున ఉన్న ఫ్రిజియాలో సంగారియస్ నది ఒడ్డున ఉండేవాడు. అంతే. మూడు లైన్లు. హెక్యుబా పుట్టింటి గురించి హోమర్ చెప్పిందంతా ఇదే, అదీ ఒక దేవుడి మేకప్ వర్ణించడానికి చెప్పాడు.

ఇక్కడ చిన్న సంతోషం ఒకటి చెప్పుకోవాలి. ఇంగ్లీషు అనువాదాల్లో చాలాచోట్ల అంకుల్ అని ఉంటుంది, ఏ అంకులో తెలీక పక్కన ఇంకో ముక్క తగిలించాలి, గ్రీకులో మాత్రం తల్లి అన్నదమ్ముడికి విడిగా మాట ఉంది, మీత్రోస్ అంటారు, తల్లి అనే మాటలోంచే పుట్టింది. మనకి మేనమామ. ఒక్క మాటతో పనైపోతుంది. పైగా మేనమామ వచ్చి ఏరా, యుద్ధం మానేసి ఇక్కడ నిలబడ్డావేంటి అని గద్దిస్తే ఎలా ఉంటుందో మనకి ఎవరూ ఫుట్‌నోట్ వేసి చెప్పక్కర్లేదు, అపోలో ఆ వేషం ఎందుకు ఎంచుకున్నాడో మన ఇళ్లల్లో పుట్టినవాడికి ఇట్టే తెలుస్తుంది.

సరే, బోర్డు మీద వేస్తున్నాను చూడండి. డిమాస్, కింద ఇద్దరు పిల్లలు, హెక్యుబా, ఆసియస్. డిమాస్ పక్కన ఖాళీ. ఆ ఖాళీలో రాయాల్సిన పేరే టైబీరియస్ అడిగింది.

ఇక్కడ కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటుంది, నేనూ పడ్డాను. ఇలియడ్‌లోనే ఇంకో ఆసియస్ ఉన్నాడు, హిర్టకస్ కొడుకు, అరిస్బే అనే ఊరి నాయకుడు, పదమూడో పుస్తకంలో ఇడోమెనియస్ ఈటె తగిలి పోతాడు. ఇండెక్స్ చూసుకుంటూ పోతే ఇద్దరూ ఒకడే అనుకుంటాం. ఇంకా తమాషా ఏంటంటే, తర్వాత కాలపు పురాణ సంకలనం ఒకటుంది, అపోలోడోరస్ పేరు మీద చెలామణీ అయ్యేది, అందులో ప్రయామ్‌కి మొదటి భార్య అరిస్బే అని ఒకావిడ ఉంది, ఆవిణ్ణి హిర్టకస్‌కి ఇచ్చేసి ఈయన హెక్యుబాని చేసుకున్నాడట, ఇచ్చేయడం ఏంటని నన్నడగొద్దు. అంటే ఒక ఆసియస్ రెండో భార్యకి తోడబుట్టినవాడు, ఇంకో ఆసియస్ తండ్రేమో మొదటి భార్యని తీసుకెళ్లినవాడు. ఇద్దర్నీ కలిపేశారనుకోండి, ప్రయామ్ ఇల్లు సీరియల్ అయిపోతుంది (నవ్వులు).

ఇప్పుడు ఓ మూడు నాలుగు వందల ఏళ్లు ముందుకి రండి. ఏథెన్స్, సుమారు క్రీ.పూ. 424, యురిపిడీస్ హెక్యుబా మీదే ఒక నాటకం వేశాడు. తెర లేవగానే ఒక దెయ్యం వస్తుంది, చనిపోయిన చిన్న పిల్లాడు పాలిడోరస్, వస్తూనే తన పరిచయం తనే చేసుకుంటాడు, నేను ప్రయామ్ కొడుకుని, నా తల్లి కిస్సియస్ కూతురు హెక్యుబా అని. కిస్సియస్ ఎక్కణ్ణించి వచ్చాడు? డిమాస్ ఏమయ్యాడు? పోనీ దెయ్యం కదా, మర్చిపోయిందేమో అనుకుందామంటే ఇంకో తేడా కూడా ఉంది, హోమర్‌లో ఈ పాలిడోరస్ తల్లి హెక్యుబా కాదు, లావోతోయే అని ప్రయామ్ ఇంకో భార్య. ఒక్క పరిచయంలో తల్లినీ మార్చాడు, తాతనీ మార్చాడు.

ఎందుకు మార్చాడో యురిపిడీస్ ఎక్కడా చెప్పలేదు, నా ఊహ నేను చెప్తాను. నాటకం జరిగేది థ్రేస్‌లో, అంటే గ్రీసుకి ఈశాన్యాన ఉన్న దేశంలో. పిల్లాణ్ణి దాచిపెట్టమని పంపింది థ్రేస్ రాజు దగ్గరికి, ఆ రాజే బంగారం కోసం చంపేస్తాడు. హోమర్‌లో కిస్సియస్ థ్రేస్ పెద్దమనిషి. హెక్యుబాకి థ్రేస్ పుట్టిల్లు చేస్తే ఏమవుతుంది, పిల్లాణ్ణి అమ్మమ్మగారి దేశానికి పంపినట్టవుతుంది, పుట్టింటి వైపు నమ్మి పంపితే అక్కడే గొంతు కోశారు అన్న బాధ ఇంకొంచెం లోతుకి దిగుతుంది. నాటకం రాసేవాడికి అది కావాలి, వంశవృక్షం గీసేవాడి తిప్పలు ఆయనకెందుకు?

కానీ గీసేవాణ్ణి నేను కదా. కిస్సియస్‌ని పెడితే ఏమేం కదులుతాయో చూడాలి. హోమర్‌లో కిస్సియస్‌కి ఒక కూతురుంది, థియానో, ట్రాయ్‌లో అథీనా దేవత గుడి పూజారిణి, ట్రాయ్ పెద్దల్లో ఒకడైన ఆంటెనోర్ భార్య. ఇప్పుడు హెక్యుబా కూడా కిస్సియస్ కూతురైతే ఇద్దరూ అక్కచెల్లెళ్లు, ప్రయామ్, ఆంటెనోర్ తోడల్లుళ్లు. వినడానికి బావుంది. కానీ ఆరో పుస్తకం తీయండి ఒకసారి. హెక్టర్ వచ్చి అమ్మా, గుడికెళ్లి మొక్కుకో, ఇంట్లో అన్నిటికంటే పెద్ద బట్ట, నీకు అన్నిటికంటే ఇష్టమైన బట్ట అమ్మవారికి సమర్పించు అంటాడు. హెక్యుబా లోపలి గదిలోకి వెళ్తుంది, అక్కడ సైడన్ అనే ఊరి ఆడవాళ్లు నేసిన బట్టలుంటాయి, ఆవిడ కొడుకు పారిస్ తెచ్చినవి, వాటన్నిటి కింద, అట్టడుగున ఉన్నదాన్ని లాగి తీస్తుంది, అది చుక్కలా మెరిసిపోతుంటుంది. మన అమ్మలు బీరువాలో అన్ని చీరల కింద దాచుకునే చీర ఉంటుంది చూడండి, అదే. తీసుకుని ముసలమ్మలందర్నీ వెంటబెట్టుకుని కొండ మీది గుడికెళ్తుంది, తలుపు తీసేది థియానో, ఆ బట్ట చేతిలోకి తీసుకుని విగ్రహం మోకాళ్ల మీద పెట్టేది థియానో. హోమర్ అక్కడ థియానో కిస్సియస్ కూతురు అని చెప్పాడు, ఆంటెనోర్ భార్య అని చెప్పాడు. ఎదురుగా నిలబడ్డ హెక్యుబా సొంత అక్కో చెల్లెలో అయ్యుంటే ఆ ఒక్క ముక్క చెప్పడా? చెప్పలేదు కాబట్టి కాదు అని కోర్టులో వాదించలేను, కానీ నేను మాత్రం ఒప్పుకోను.

ఇంకోటి. ఈ కిస్సియస్ ఇంట్లో వావివరసలు మనకి మింగుడు పడవు. థియానో కొడుకు ఇఫిడమాస్‌ని తాతగారే థ్రేస్‌లో పెంచాడు, పెద్దవాడయ్యాక వెళ్లిపోతాడేమోనని తన కూతుర్నే ఇచ్చి పెళ్లి చేశాడు. అర్థమైందా? తాత కూతురంటే తల్లికి చెల్లెలు. పిన్ని! (నవ్వులు) మన దగ్గర మేనమామకి ఇస్తారు, అది వేరు, పిన్నిని చేసుకోవడం అంటే చెవులు మూసుకుంటాం. పాపం ఆ కుర్రాడు కన్యాశుల్కం కింద వంద ఎద్దులు ఇచ్చి, ఇంకో వెయ్యి మేకలూ గొర్రెలూ ఇస్తానని మాటిచ్చి, కాపురం కూడా సరిగ్గా చేయకుండా ట్రాయ్ వచ్చి గ్రీకు సేనాధిపతి అగమెమ్నాన్ చేతిలో పోయాడు. ఇప్పుడు వయసులు చూడండి, హెక్యుబా కూడా ఆ ఇంటి పిల్లే అయితే ఆవిడకి మనవడు పుట్టాక ఆవిడ చెల్లెలికి, అదీ చెల్లెలి కొడుకుతో, కొత్తగా పెళ్లైనట్టు. పూర్వం పెద్ద సంసారాల్లో కూతురూ తల్లీ ఒకేసారి పురుడు పోసుకోవడం ఉండేది, కాబట్టి అసాధ్యం అనను. పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తాను.

తమాషా ఏంటంటే రోమన్లు కూడా రెండు పార్టీలుగా చీలిపోయారు. వర్జిల్ ఆవిణ్ణి కిస్సియస్ కూతురు అనే అర్థం వచ్చే పేరుతో పిలిచాడు, కొన్నేళ్లకే ఓవిడ్ వచ్చి డిమాస్ కూతురు అన్నాడు, అదీ ఆవిడ కుక్కగా మారి మొరిగిన సంగతి చెప్తూ. హైజీనస్ పేరుతో ఉన్న కథల పుస్తకంలో ఒకచోట కిస్సియస్ లేదా డిమాస్ అని రెండూ రాసేశారు, గోడ మీద పిల్లి. ఓవిడ్ ఆ కావ్యం ముగించింది క్రీ.శ. 8 ప్రాంతంలో, టైబీరియస్ గద్దెనెక్కింది 14లో. అంటే ఈయన ఆ ప్రశ్న వేసేనాటికి తండ్రి ఎవరన్నదే తేలలేదు, ఈయన ఏకంగా తల్లిని అడుగుతున్నాడు!

ఇక తల్లులు. రాసుకోండి, లేదా వినండి చాలు. అపోలోడోరస్ పేరు మీది పుస్తకంలో మూడో మాట కూడా ఉంది, తండ్రి సంగారియస్ నదే, తల్లి మెటోపి అని. మిగతావి ఎక్కడున్నాయంటే పాత రాతప్రతుల మార్జిన్లలో. మన పెద్దవాళ్లు పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసేవాళ్లు కదా, అలా హోమర్ ప్రతులకీ యురిపిడీస్ ప్రతులకీ పక్కన పండితులు రాసిన నోట్సు తరతరాలుగా కాపీ అవుతూ వచ్చింది. అందులో క్రీ.పూ. 5వ శతాబ్దపు ఫెరెకిడీస్ అనే ఆయన మాటగా ఒకచోట తల్లి పేరు యువాగోరా, నీటి దేవత. ఇంకోచోట అదే ఫెరెకిడీస్ మాటగా యునోయే, ఇదీ దేవకన్యే. ఒకే మనిషి పేరు మీద రెండు పేర్లు, ఎవరు తప్పు రాసుకున్నారో ఏమో. కొందరు గ్లాకిప్పి, క్సాంథస్ కూతురు అన్నారట. అథీనియోన్ అనే పేరున్న ఒకాయన మాత్రం టెలిక్లియా, కిస్సియస్ భార్య అన్నాడు.

ఐదు పేర్లు. ఇప్పుడు బోర్డు చూడండి. నలుగురు నీళ్లలోంచి వచ్చారు! మెటోపి నది భార్య, యువాగోరా, యునోయే జలకన్యలు, గ్లాకిప్పి తండ్రి క్సాంథస్ అంటే ట్రాయ్ పక్కన పారే స్కమాండర్‌కి దేవతలు పిలిచే పేరు, ఆ నదే అయితే ఈవిడా నది పిల్లే. ఎందుకిలా? హోమర్ మనకి ఇచ్చిన ఒకే ఒక్క ఆధారం ఏంటి, సంగారియస్ ఒడ్డు. ఇప్పటి టర్కీలో సకార్యా నది, 800 కిలోమీటర్లకి పైగా పారుతుంది. గ్రీకు కథల్లో ఒక రాజుకి తల్లి పేరో భార్య పేరో లేకపోతే ఆ ఊరి నదికో నది కూతురికో కట్టబెట్టేయడం మామూలే, ఈ నేల పిల్ల అని చెప్పినట్టు. ఆ ఒడ్డులోంచే వీళ్లు తల్లుల్ని తోడుకున్నారు. పైగా మెటోపి విషయంలో నాకింకో అనుమానం, అదే పుస్తకంలో కాస్త కిందకి వస్తే అసోపస్ అనే ఇంకో నదికి భార్య పేరు కూడా మెటోపియే. నదుల భార్య అనగానే చేతికందిన పేరు అది.

టెలిక్లియా మాత్రం నది పిల్ల కాదు, నాకు భలే నచ్చింది. ఆవిడ ఇలోస్ కూతురట. ఇలోస్ ఎవరు, ప్రయామ్‌కి తాత, లవోమెడాన్ తండ్రి. అంటే టెలిక్లియా ప్రయామ్‌కి స్వయానా మేనత్త, మరి హెక్యుబా?

(సభలోంచి: మరదలు!)

మరదలే! మేనరికం! మేనత్త కూతుర్ని చేసుకున్నాడు (నవ్వులు). ఇది చదివినరోజు మా ఆవిణ్ణి లేపి చెప్పాను, రాత్రి పదకొండింటికి, ఆవిడ పడుకోండి అంది. అయితే ఇందులో ఒక పని జరుగుతోంది గమనించండి, బయటనుంచి వచ్చిన కోడల్ని ట్రాయ్ రాజవంశంలోకే లాగుతున్నారు, థ్రేస్ తండ్రిని ఉంచుతూనే తల్లి వైపునుంచి ట్రాయ్ రక్తం ఎక్కించారు. ఫ్రిజియా వాళ్లు, థ్రేస్ వాళ్లు, ట్రాయ్ వాళ్లు, ఎవరి పిల్లో తేల్చడానికి తల్లి పేరు వాడుకున్నారు, ఖాళీగా ఉంది కదా అని.

ఎందుకు ఖాళీగా ఉందో కూడా చెప్తాను. ఇలియడ్ ఇరవయ్యో పుస్తకంలో ట్రాయ్ వీరుడు ఇనియాస్ అకిలీస్ ఎదురుగా నిలబడి తన వంశం మొత్తం అప్పజెప్తాడు. దేవతల రాజు జ్యూస్ కొడుకు డార్డనస్, అతని కొడుకు ఎరిక్తోనియస్, అతని కొడుకు ట్రాస్, అతని కొడుకు ఇలోస్, ఇలోస్ కొడుకు లవోమెడాన్, అతని కొడుకు ప్రయామ్, అలా హెక్టర్ దాకా, తన దాకా. ఈ మధ్యలో ఎరిక్తోనియస్‌కి 3000 ఆడగుర్రాలు ఉండేవనీ, ఉత్తరపు గాలి దేవుడు మగగుర్రం రూపంలో వచ్చి వాటితో కలిస్తే 12 పిల్లలు పుట్టాయనీ, అవి కంకులు విరక్కుండా పంట మీద పరిగెత్తేవనీ తీరిగ్గా చెప్తాడు. తన తల్లి అఫ్రోడైటీ అని ముందే గొప్పగా చెప్పుకున్నాడు, దేవత కాబట్టి. కానీ వంశం చదివేటప్పుడు ఒక్క ఆడమనిషి పేరు లేదు, గుర్రాలకి మాత్రం తల్లి లెక్కా తండ్రి లెక్కా రెండూ ఉన్నాయి. మన పెళ్లిలో ప్రవర విన్నారు కదా, ఫలానా వారి మునిమనవరాలు, మనవరాలు, కూతురు అని పెళ్లికూతురికి కూడా మూడు తరాల మగవాళ్లనే చదువుతారు, అలాంటిదే.

ప్రయామ్ సొంత తల్లి సంగతీ అంతే, స్ట్రైమో అని ఒకరు, ప్లాకియా అని ఒకరు, ల్యూకిప్పి అని ఒకరు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను. చాలా ఏళ్ల కిందట నేను ఇదంతా కంప్యూటర్‌లో ఒక ఫ్యామిలీ ట్రీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాను. అందులో ఒక మనిషికి ఫాదర్ అని ఒక గడి, మదర్ అని ఒక గడి, అంతే. హోమర్ మీద భక్తి కొద్దీ ఫాదర్ గడిలో డిమాస్ కొట్టాను, మదర్ గడి ఖాళీగా ఉంటే ఎర్రగా మెరుస్తోంది, లెడ్జర్ మనిషిని కదా, ఖాళీ గడి చూడలేను, పుస్తకం చేతిలో ఉంది, మెటోపి అని కొట్టేశాను. సాఫ్ట్‌వేర్ ఇద్దరి మధ్యా గీత గీసి మ్యారీడ్ అని వేసింది. డిమాస్‌కి మెటోపి భార్య అని నేను చూసిన ఏ గ్రీకు మూలంలోనూ లేదండీ! ఆవిడ పాపం నదిగారి భార్య. పెళ్లిళ్ల పేరయ్యలాగా నేను కుదిర్చిన సంబంధం అది. ఆ చార్ట్ ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించి నలుగురికి పంచాను కూడా. మీలో ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి తీసేయండి.

ఆ తర్వాతనుంచి నేను కంప్యూటర్ వదిలేసి చార్ట్ పేపర్ మీదే గీస్తున్నాను. హోమర్ చెప్పింది నల్ల ఇంకు, డిమాస్, పక్కన ఖాళీ గడి, ఖాళీగానే. యురిపిడీస్‌ది విడిగా ఇంకో కాగితం. మార్జిన్ పండితులవి ఒక్కొక్కరిదీ ఒక్కో కాగితం, పైన ఎవరు అన్నారు, ఏ కాలం వాడు అని తేదీ. ఒక కాగితంలోని మొగుడికి ఇంకో కాగితంలోని పెళ్లాన్ని కట్టబెట్టను. మొత్తం ఏడు కాగితాలయ్యాయి, ఇవిగో, ఇటునుంచి అటు పంపండి, చేతులు తడిగా ఉన్నవాళ్లు ముట్టుకోకండి.

(ప్రశ్న: మాస్టారూ, ఇంతకీ టైబీరియస్ మిమ్మల్ని అడిగితే ఏం చెప్తారు?)

మంచిదే అడిగారు. స్యుటోనియస్ ఇంకో చోట ఇంకో సంగతి రాశాడు. టైబీరియస్ రోజూ ఏం చదివేవాడో అందులోంచే రాత్రి భోజనాల దగ్గర ప్రశ్నలు వేసేవాడు. సెల్యూకస్ అని ఒక పండితుడు తెలివిగా ఆయన నౌకర్లని పట్టుకుని, అయ్యగారు ఈ మధ్య ఎవరి పుస్తకం చదువుతున్నారు అని ముందే కనుక్కుని, అది చదువుకుని వచ్చేవాడు. ఆ సంగతి తెలిసి టైబీరియస్ ముందు అతన్ని కొలువులోంచి తీసేశాడు, ఆ తర్వాత చచ్చేదాకా వదల్లేదు.

నన్నడిగితే నేనూ అదే తిరిగి అడగాలి సార్, ప్రభూ, తమరు ఇవాళ ఎవరి పుస్తకం చదివారు అని. వేరే దారి లేదు. కాబట్టి భోజనానికి పిలిస్తే ఒంట్లో బాలేదని కబురు పంపిస్తాను.